‘ప్రేరణ మీద పరిశోధన చేసే నాకే పొద్దున లేవబుద్ధి కావడం లేదు’

ప్రకాశం జిల్లా కొండపి చుట్టుపక్కల ఒక పల్లె నుంచి ఒక పాఠకురాలు తొమ్మిది పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయట పెట్టవద్దని కోరారు కనుక, ఆమె అనుమతితో అందులోని ముఖ్య విషయాన్ని మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 34 ఏళ్లు. తండ్రి వర్జీనియా పొగాకు రైతు. ఒంగోలులో ఇంటర్మీడియట్, హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు అక్కడే ఒక విశ్వవిద్యాలయంలో పోస్ట్‌డాక్టరల్ పరిశోధకురాలిగా ఉన్నారు. మనిషిని ఎంఆర్‌ఐ స్కానరులో పడుకోబెట్టి, ప్రేరణతో ముడిపడిన ఒక చిన్న మెదడు భాగం ఎంత చురుగ్గా పనిచేస్తోందో అప్పటికప్పుడు లెక్కగట్టి, దాన్ని తెర మీద థర్మామీటరు గీతలాగా అతనికే చూపిస్తే, ఆ గీతను తన ఆలోచనతోనే పైకి లేపడం అతను నేర్చుకోగలడా అన్నది ఆమె పరిశోధన. ఈ పద్ధతిని న్యూరోఫీడ్‌బ్యాక్ అంటారు. నాలుగేళ్లు శ్రమపడి 52 మంది మీద చేసిన ప్రయోగం ఫలితం కిందటి ఆగస్టులో చేతికి వచ్చింది. తమ మెదడు సంకేతాన్ని తాము చూసుకున్నవారికీ, తమకు తెలియకుండా వేరొకరి సంకేతాన్ని చూసినవారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ‘బాగా నేర్చుకున్నవాళ్లను మాత్రం వేరు చేసి మళ్లీ లెక్క వేసి చూడు, ఏదో ఒకటి దొరుకుతుంది’ అని ప్రొఫెసరు అన్నారు. ఆమె ఆ పని చేయలేదు, చేయనని చెప్పనూ లేదు. ఆ ఫైలు తెరవడమే మానేశారు.

సంక్రాంతికి ఇంటికి వచ్చిన ఆమె ఇంకా ఇక్కడే ఉన్నారు. ఫెలోషిప్ సెప్టెంబరుతో అయిపోతుంది. ఈలోగా ఒంగోలులో ఇంటర్మీడియట్ కాలేజీ, హాస్టలు నడుపుతున్న బాబాయి ఒక ప్రతిపాదన తెచ్చారు. ఆమె మొదటిసారి అమెరికా విమానం ఎక్కినప్పుడు మూడు లక్షలు సర్దింది ఆయనే. ఇప్పుడు ఆయన పిల్లల కోసం మెదడు శిక్షణ కేంద్రం పెడుతున్నారు. తలకు ఒక పట్టీ కడతారు, అది మెదడు తరంగాలను చదువుతుంది, ఏకాగ్రత పెరిగితే తెర మీద తామరపువ్వు విచ్చుకుంటుంది, నలభై రోజుల్లో చదువు మీద ప్రేరణ పుడుతుంది అని కరపత్రం రాయించారు. ఒక్కొక్క పిల్లవాడికి 18 వేలు. ఆమెకు నెలకు లక్షన్నర జీతం. కరపత్రంలో ఆమె ఫోటోకు జాగా వదిలిపెట్టి ఉంచారు.

‘ప్రేరణ ఎలా పుడుతుందో విద్యార్థులకు పాఠాలు చెప్పాను, నాకు మాత్రం పొద్దున పది దాటినా మంచం దిగబుద్ధి కావడం లేదు’ అని రాశారామె. ‘నాన్న రాత్రి రెండింటికి లేచి పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కట్టెలు వేయడానికి పోతుంటే ఆ చెప్పుల చప్పుడు వింటూ పడుకుంటున్నాను. ఆ మనిషికి ఏ ఫీడ్‌బ్యాకూ అక్కర్లేదు. ప్రయోగం సంగతి ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. అమ్మ పెళ్లి మాట ఎత్తడం మానేసింది, ఎత్తినప్పటికన్నా అదే బరువుగా ఉంది. నాలుగేళ్లు వృథా చేశానా? బాబాయి దగ్గర చేరిపోనా? మన దేశంలోనే ఏదైనా విశ్వవిద్యాలయంలో చూసుకోనా? అసలు ఈ రంగమే వదిలేయనా?’

అమ్మా, నేను నెల్లూరులో ఉంటూ, ముప్పై ఏళ్లు వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం చెప్పినవాడిని. ఎంఆర్‌ఐ పరిశోధన నేను చేయలేదు, చదివి తెలుసుకున్నదే ఎక్కువ. అందుచేత మీ లెక్కల గురించి తీర్పు చెప్పే పని పెట్టుకోను. మీరు నాలుగు ప్రశ్నలు వరుసగా అడిగారు గాని, ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు మూడు ముళ్లు కనిపించాయి: మీ ఒంట్లోని నీరసం, మీ ఫలితం, మీ బాబాయి ప్రతిపాదన. ఈ మూడూ ఒకే తాడుకు పడినందువల్ల, ఏది లాగినా మిగతా రెండూ బిగుసుకుంటున్నాయి. వాటిని విడదీయడమే ఇప్పుడు నేను చేయగలిగిన సాయం.

ముందు ఒక మాట సరిదిద్దాలి. మీ నాన్నగారికి ఏ ఫీడ్‌బ్యాకూ అక్కర్లేదని రాశారు, అది నిజం కాదు. బ్యారన్‌కు ఆకు ఎక్కించిన దగ్గర నుంచి దింపేదాకా ఐదారు రోజులు ఆయన చేసేదంతా ఫీడ్‌బ్యాక్ మీద నడిచే పనే. ఆకు పసుపుకు తిరిగేదాకా వేడిని 100 ఫారన్‌హీట్ డిగ్రీల దరిదాపుల్లో పట్టి ఉంచాలి, రంగు నిలిచాక మెల్లగా పెంచుకుంటూ పోవాలి, ఈనె ఎండే చివరి దశలో 160 దాకా తీసుకుపోవాలి. చిన్నప్పుడు టంగుటూరు దగ్గర మా పెద్దమ్మగారి ఊళ్లో సెలవులు గడిపినప్పుడు మా పెదనాన్న వెంట నేనూ రాత్రిపూట వెళ్లేవాడిని. లోపల వేలాడదీసిన థర్మామీటరును చిన్న అద్దపు కిటికీలోంచి టార్చి వేసి చూసేవారు. పొయ్యిలో కట్టె తోసిన వెంటనే గీత కదలదు. రేకు గొట్టం వేడెక్కాలి, దాని చుట్టూ గాలి వేడెక్కాలి, ఆ తరువాతే గీత లేస్తుంది. కొత్తగా కుదిరిన పనివాడు గీత లేవలేదని ఇంకో నాలుగు కట్టెలు తోస్తే, తెల్లవారేసరికి ఆకు మాడిపోయేది. మా పెదనాన్న మాత్రం ఒక కట్టె వేసి, మంచం మీద కూర్చొని చుట్ట వెలిగించేవారు. ఆ చుట్ట అయిపోయేదాకా మళ్లీ కిటికీ దగ్గరికి పోయేవారు కాదు.

మీ స్కానరులోనూ ఇదే వ్యవహారం. నాడీకణాలు చురుకైన క్షణానికీ, ఆ చోటికి ప్రాణవాయువు నిండిన రక్తం చేరి సంకేతం శిఖరానికి వచ్చే క్షణానికీ మధ్య ఐదారు సెకన్లు గడుస్తాయి. తెర మీది గీత ఇప్పటి ఆలోచనకు జవాబు కాదు, కాస్త ముందటి ఆలోచనకు జవాబు. ఈ సంగతి మీరే మీ ప్రయోగంలో పాల్గొన్నవారికి ఎన్నోసార్లు చెప్పి ఉంటారు. నేను చెప్పదలచుకున్నది వేరు. మీ నాన్నగారికి అరగంటకోసారి గీత కనిపిస్తుంది, వారానికోసారి బ్యారన్ దిగుతుంది, ఏటా వేలం జరుగుతుంది. మీకు నాలుగేళ్లకు ఒక్కసారి కనిపించింది. ఎవరు ఏ గుంపులో ఉన్నారో తెలియకుండా, మధ్యలో తొంగి చూడకుండా పనిచేయడం మీ ప్రయోగానికి నియమం కనుక, ఫీడ్‌బ్యాక్ మీద పరిశోధన చేస్తూ మీరు ఫీడ్‌బ్యాకే లేకుండా నాలుగేళ్లు బతికారు. ఆ నియమం మంచిది, శాస్త్రానికి అది తప్పదు. కానీ దాన్ని మోసిన మనిషికి ఎంత భారం పడిందో ఎవరూ లెక్క వేయలేదు, మీరు కూడా వేసుకోలేదు.

మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు మీకు నాకన్నా బాగా తెలుసు. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్‌లతో కలిసి 1997లో సైన్స్ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలోని ముఖ్య విషయం పాఠకుల కోసం చెబుతాను. అనుకోకుండా పండ్లరసం దొరికినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి. రసం వస్తుందని ముందే తెలిస్తే, వచ్చినప్పుడు వాటిలో పెద్ద మార్పు ఉండదు. వస్తుందని ఎదురుచూసిన సమయానికి రాకపోతే, వాటికి మామూలుగా ఉండే చురుకు కూడా తగ్గిపోతుంది. అంటే ఆ కణాలు లెక్కగట్టేది సుఖాన్ని కాదు, ఆశకూ అందినదానికీ మధ్య తేడాను. నాలుగేళ్లు ఎదురుచూసిన సమయానికి మీకు ఆశించినది రాలేదు. కోతి మెదడుకూ మన మెదడుకూ మధ్య ఇంత సులువుగా వంతెన కట్టకూడదని నాకు తెలుసు. అయినా, ఆగస్టులో ఆ ఫైలు చూసి మీలో ఏదో అణగిపోయిందంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇంకొకటి. మీ ఉత్తరం ఏడో పేజీలో, అడక్కపోయినా, ఒక చిన్న సంగతి రాశారు. పక్కింటి పదో తరగతి అమ్మాయి మెదడు గురించి ఏదో సందేహం అడిగితే, పాత క్యాలెండరు కాగితం వెనక మెదడు బొమ్మ గీస్తూ మూడు గంటలు కూర్చున్నారట, అన్నం కూడా మరిచిపోయారట. ప్రేరణ చచ్చిపోయిన మనిషి చేసే పని కాదు అది. జాన్ సలమోన్ అనే శాస్త్రవేత్త చేసిన ఎలుకల ప్రయోగాల్లో ఒక దారిలో ఎక్కువ తిండి ఉంటుంది కాని మధ్యలో గోడ లాంటి అడ్డు ఎక్కాలి, రెండో దారిలో తిండి తక్కువ, అడ్డు లేదు. డోపమైన్ తగ్గించిన ఎలుకలు తక్కువ తిండితో సరిపెట్టుకున్నాయి. అదే అడ్డు తీసేస్తే, ఎక్కువ తిండి ఉన్న దారికే వెళ్లాయి. ఇష్టం పోలేదు, ఎక్కే ఓపిక తగ్గింది. మీ విషయంలో కూడా నాకు కనిపిస్తున్నది అదే. మెదడు మీద ఇష్టం అలాగే ఉంది. ఆ ఫైలుకూ మీకూ మధ్య లేచిన గోడ పెద్దదైంది. ‘నాకు ఈ రంగం సరిపడుతుందా’ అని అడుగుతున్నారు గాని, ‘ఆ గోడ ఎత్తు ఎలా తగ్గించాలి’ అని అడిగితే జవాబు వెతకడం సులువవుతుంది.

అయితే దీన్నంతా సిద్ధాంతాలతో సర్దిచెప్పి వదిలేయలేను. నిద్ర తెల్లవారుజామున విరిగిపోతోందనీ, ఆకలి తగ్గి ఐదు కిలోలు తగ్గాననీ రాశారు. ఆరు నెలలుగా ఇలా ఉంటే అది వైద్యుడు చూడవలసిన సంగతి. డిప్రెషన్ ఉందో లేదో ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఒంగోలులో గాని నెల్లూరులో గాని మానసిక వైద్యుణ్ని కలవండి. ఊళ్లో తెలిసిపోతుందన్న జంకు ఉంటే, ముందు టెలీ మానస్ ప్రభుత్వ సేవకు 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ పని మిగతా నిర్ణయాలన్నిటికన్నా ముందు జరగాలి. మెదడు శాస్త్రవేత్త తన మెదడు కోసం డాక్టరు దగ్గరికి పోవడమేమిటని అనిపిస్తే, గుండె డాక్టరుకు గుండెనొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తాడో గుర్తు చేసుకోండి.

ఇక ఫలితం. నాలుగేళ్లు వృథా అయ్యాయా అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, మీ రంగం ఎంత చిన్న వయసుదో పాఠకులకు కూడా తెలియాలి. రక్తంలోని ప్రాణవాయువు తేడాను బట్టి మెదడు పనిని ఎంఆర్‌ఐతో చూడవచ్చని సెయిజీ ఒగావా చూపించింది 1990లో. స్కానరు నడుస్తుండగానే ఆ లెక్కను చూడవచ్చని రాబర్ట్ కాక్స్ బృందం చూపించింది 1995లో. నొప్పికి సంబంధించిన మెదడు భాగాన్ని మనుషులు గీత చూసి అదుపు చేయడం నేర్చుకోగలరని క్రిస్టఫర్ డిచార్మ్స్ బృందం 2005లో రాసినప్పుడు, మందు లేకుండా నొప్పి తగ్గించే రోజు వచ్చేసిందని అందరూ ఆశపడ్డారు. మీరు పనిచేస్తున్న మధ్యమెదడు భాగం కొన్ని మిల్లీమీటర్ల ముక్క. గుండె కొట్టుకున్నప్పుడల్లా కదులుతుంది, ఊపిరి తీసినప్పుడల్లా సంకేతం చెదురుతుంది. అంత చిన్న చోట, డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలిసన్ ఆడ్‌కాక్ బృందం 2016లో న్యూరాన్ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో, తమ సంకేతాన్ని థర్మామీటరు గీతగా చూస్తూ అభ్యాసం చేసినవారు ఆ తరువాత గీత తీసేసినా ఆ భాగాన్ని పైకి లేపగలిగారు, వేరొకరి సంకేతం చూసినవారు లేపలేకపోయారు. మీ ప్రయోగం సరిగ్గా ఈ చోట నిలబడి, ‘మాకు ఆ తేడా కనిపించలేదు’ అంటోంది. ఆ మాట బయటికి రాకపోతే నష్టపోయేది మీరొక్కరే కాదు. రేపు ఇదే ప్రయోగం మొదలుపెట్టే మరొక అమ్మాయి మళ్లీ నాలుగేళ్లు కళ్లకు గంతలు కట్టుకొని నడుస్తుంది.

ఇది నేను ఊరికే అనడం లేదు. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ప్రాణాయామం వల్ల పరీక్షల ముందు విద్యార్థుల రక్తపోటు తగ్గుతుందా అని నేనూ ఒక చిన్న అధ్యయనం చేశాను. చేసినవారికీ, ఊరికే కళ్లు మూసుకొని కూర్చున్నవారికీ తేడా రాలేదు. సిగ్గుపడి ఆ కాగితాలను బీరువాలో పెట్టేశాను. పదకొండేళ్ల తరువాత నా దగ్గరే పీజీ చేసిన ఒక విద్యార్థి, నాకు చెప్పకుండానే, అదే ప్రశ్న ఎంచుకొని ఏడాదిన్నర పని చేశాడు. వాడికి కూడా తేడా రాలేదు. వాడు ఏడుస్తూ నా గదికి వచ్చిన రోజున బీరువా తీసి ఆ కాగితాలు చూపించవలసి వచ్చింది. వాడి ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మీ ప్రొఫెసరు చెప్పినదాని గురించి. ‘బాగా నేర్చుకున్నవాళ్లను’ వేరు చేసి చూడడంలో తప్పు లేదు, అది ముందుగా అనుకున్న పరీక్ష కాదనీ, తరువాత వెతికి చూసినదనీ వ్యాసంలో స్పష్టంగా రాసినంతవరకు. ఆ మాట దాచి, మొదటి నుంచీ ఇదే మా ప్రశ్న అన్నట్టు రాస్తే, వేలానికి కట్టిన పొగాకు మూటలో, అంటే బేలులో, పైవరుస మంచి ఆకు పరిచి లోపల లోగ్రేడు ఆకు కూరినట్టే. వేలం కేంద్రంలో ఒకవేళ చెల్లిపోయినా, ఆ రైతు పేరు కొన్నవాడికి గుర్తుంటుంది. ఆయన దుర్మార్గంతో అన్నారని నేననుకోను. గ్రాంటులు, ఇంకా నలుగురి జీతాలు ఆయన మీద ఉండి ఉంటాయి. అందుకే ఆయనతో మాట్లాడేటప్పుడు ‘మీరు చెప్పింది తప్పు’ అని మొదలుపెట్టకండి. ముందుగా అనుకున్న పరీక్షల ఫలితం మొదట, తరువాత వెతికినది దాని పేరుతో విడిగా, ఇలా రెండూ ఉండే వ్యాసాన్ని ప్రతిపాదించండి. న్యూరోఫీడ్‌బ్యాక్ ప్రయోగాల్లో ఏమేమి తప్పక వెల్లడించాలో చెప్పే తనిఖీ జాబితా 2020లో బ్రెయిన్ పత్రికలో వచ్చింది కదా, దాన్ని ముందు పెట్టుకొని మాట్లాడితే వాదన మీ ఇద్దరి మధ్య కాకుండా పద్ధతి మీదికి మళ్లుతుంది. ఆయన ఒప్పుకోకపోతే మీ పేరు లేకుండా ఆయన ప్రచురించవచ్చు, లేదా అసలు ప్రచురించకపోవచ్చు. సిఫారసు ఉత్తరంలో వెచ్చదనం తగ్గవచ్చు. ఈ నష్టాలు నిజమైనవే, తేలిగ్గా తీసేయను. తేడా రాని వ్యాసం పెద్ద పత్రికలో రావడం కష్టం, ఉద్యోగం ఇచ్చే కమిటీలు దాన్ని చూసి ఎగిరి గంతేయవు. అయినా, ఫైలు తెరవకుండా సెప్టెంబరు దాకా గడిపితే వ్యాసమూ ఉండదు, ఉత్తరమూ ఉండదు. మిగతా దారుల్లో దేన్ని పట్టుకున్నా ఈ వ్యాసం మీ చేతిలో ఉండటం మేలు చేస్తుంది. గోడ ఎత్తు తగ్గించడమంటే ఇదే: ‘నా జీవితం ఏమవుతుంది’ అని కాకుండా, రోజుకు గంటసేపు ‘పద్ధతులు’ అన్న భాగం రాయడం. ఫలితం ఏదైనా ఆ భాగం మారదు కనుక అక్కడ మనసు తక్కువ నొప్పి పడుతుంది. రాసినదాన్ని వారానికోసారి ఒక స్నేహితురాలికి పంపండి. మీకు లేకుండా పోయిన అరగంట గీత అదే.

ఇప్పుడు బాబాయి సంగతి. అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే మిగతా దారుల్లో వెనక్కి తిరిగి రావచ్చు, ఈ దారిలో అది కష్టం. నుదుటి మీద కట్టే పట్టీ పుర్రెకు దగ్గరగా ఉండే మెదడు పైపొర విద్యుత్తును కొంత పట్టుకుంటుంది. దానితో పాటు కనురెప్ప కొట్టడాన్నీ, నుదురు ముడిచిన కండరాన్నీ కూడా పట్టుకుంటుంది. మీరు నాలుగేళ్లు లక్షల డాలర్ల యంత్రంతో తంటాలు పడిన లోతైన మధ్యమెదడు భాగాన్ని అది చదవలేదు. మెదడు తరంగాలు చూపించి శిక్షణ ఇవ్వాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు, అమెరికాలో జో కమియా ఆల్ఫా తరంగాలతో చేసిన పని 1960ల నాటిది. ఇన్నేళ్ల తరువాత, ఏకాగ్రత లోపం ఉన్న 7 నుంచి 10 ఏళ్ల పిల్లలు 140 మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం 2021లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. నిజమైన శిక్షణ పొందినవారూ బాగుపడ్డారు, ఉత్తుత్తి శిక్షణ పొందినవారూ బాగుపడ్డారు, ఇద్దరి మధ్య తేడా తేలలేదు. శ్రద్ధగా కూర్చోబెట్టి, మెచ్చుకుంటూ, క్రమం తప్పకుండా ఒక పెద్దమనిషి పక్కన ఉంటే పిల్లలు బాగుపడతారు. పట్టీ వల్ల బాగుపడ్డారని చెప్పి 18 వేలు తీసుకోవడమే ఇబ్బంది. ఆ 18 వేలు ఎక్కడి నుంచి వస్తాయో మీకు తెలుసు, ఆ హాస్టలు పిల్లల్లో సగం మంది మీ నాన్నగారిలాంటి రైతుల పిల్లలే అయి ఉంటారు.

మీకు తేడా రాలేదని తెలిసి, ప్రచురించక, తేడా వస్తుందని చెప్పే కరపత్రం మీద ఫోటో వేయించుకుంటే, ఆ రెండూ కలిసి మిమ్మల్ని జీవితాంతం పట్టుకుంటాయి. ఆ తరువాత ఏ విశ్వవిద్యాలయం కమిటీ ముందు కూర్చున్నా ఆ కరపత్రం మీకన్నా ముందే వెళ్లి కూర్చుంటుంది. లక్షన్నర జీతం చిన్నదని నేననను. ఇంట్లో అప్పు ఉన్నప్పుడు అది ఎంత పెద్దదో తెలుసు. కానీ ఈ నిర్ణయం తీసుకుంటే దేనికి ఆ డబ్బు ఇస్తున్నారో తెలిసి తీసుకోండి. ఆయన కొంటున్నది మీ పనిని కాదు, మీ పేరును.

అలాగని బాబాయిని మోసగాడిగా చూడనక్కర్లేదు. పట్టీ అమ్మినవాడు చెప్పినదే ఆయన నమ్మి ఉంటారు. పైగా ఆయన రుణం మీ మెడ మీద ఉంది. ఆ రుణం గురించి ఆలోచిస్తుంటే మా నెల్లూరు రొట్టెల పండుగ గుర్తుకొచ్చింది. మొహర్రం నెలలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు వచ్చినవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కొంగులో రొట్టె పట్టుకొని, ‘చదువు రొట్టె’, ‘ఉద్యోగం రొట్టె’ అని పిలుస్తూ మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మరుసటేడు వచ్చి, అదే పేరు రొట్టెను అవసరం ఉన్న ఇంకొకరికి ఇస్తారు. తమకు ఇచ్చినవాళ్లను వెతికి పట్టుకొని వాళ్లకే తిరిగి ఇవ్వరు. మీ బాబాయి మీకు ఇచ్చింది చదువు రొట్టె. ఆయన మూడు లక్షలు వడ్డీతో సహా వాయిదాల్లో ఇచ్చేయండి, అది లెక్క. చదువు రొట్టెను మాత్రం ఆ హాస్టలు పిల్లలకు చదువుగానే ఇవ్వవచ్చు. వారానికి రెండు రోజులు వచ్చి మెదడు గురించీ, నిద్ర గురించీ, చదివినదాన్ని పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొని చూసుకుంటే ఎందుకు బాగా నిలుస్తుందో దాని గురించీ పాఠాలు చెబుతాననండి. పట్టీ లేకుండా, ఫోటో లేకుండా. ఆయన ఒప్పుకోవచ్చు, నొచ్చుకోవచ్చు, పండక్కి మాట్లాడకపోవచ్చు. మూడోది జరిగితే ఇంట్లో మీ అమ్మగారికి కష్టం, ఆ సంగతి ముందుగా ఆమెతో చెప్పి ఉంచండి. ఒకవేళ ఆయన ‘అయితే నువ్వే పరీక్ష పెట్టి తేల్చు’ అంటే, అది మంచి మాటే. అప్పుడు మాత్రం పిల్లల దగ్గర పైసా తీసుకోకూడదు, నైతిక సంఘం అనుమతీ తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారమూ ఉండాలి, ఫలితం ఏది వచ్చినా ప్రచురించే హక్కు మీకుండాలి. ఈ షరతులకు ఒప్పుకుంటారా లేదా అన్నదాన్నిబట్టి ఆయన మనసు మీకు తెలిసిపోతుంది.

స్వదేశానికి తిరిగి రావడం గురించి తక్కువే చెబుతాను, మీకు దారులు తెలుసు కనుక. బెంగళూరులో నిమ్హాన్స్, ఐఐఎస్సీ నాడీశాస్త్ర కేంద్రం, మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయపు నాడీ సంజ్ఞాన శాస్త్రాల కేంద్రం, ట్రిపుల్ ఐటీ. విదేశాల నుంచి తిరిగొచ్చేవారికి బయోటెక్నాలజీ శాఖ రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది. ఇక్కడ చాలాచోట్ల స్కానరు ఆసుపత్రిది, రోగి ముందు, పరిశోధన తరువాత. వారానికి ఒక పూట దొరికినా గొప్పే. అప్పటికప్పుడు లెక్కగట్టే ప్రయోగాలు మొదలవడానికే రెండేళ్లు పట్టవచ్చు. దానికి బదులుగా, హైదరాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి ఒంగోలులో దిగుతారు. అమ్మానాన్నల వయసు పెరుగుతున్నప్పుడు ఆ ఒక్క రాత్రి దూరానికి విలువ ఎంతో మీరే కట్టాలి. దరఖాస్తు చేయడానికి ఊరు మారనక్కర్లేదు, ఉద్యోగం మానక్కర్లేదు. వ్యాసం రాస్తూనే రెండు చోట్లకు పంపండి.

రంగం వదిలేయడం కూడా ఒక దారే, దానికి తలదించుకోవలసిన పని లేదు. గోల నుంచి సంకేతాన్ని వేరు చేయడం, లెక్క తప్పుగా ఉంటే పట్టుకోవడం తెలిసినవారికి ఆసుపత్రుల్లో, మందుల పరీక్షల్లో, కంప్యూటరు కంపెనీల్లో పని ఉంది. కాకపోతే నిద్రా ఆకలీ కుదుటపడకముందు, వ్యాసం పూర్తికాకముందు వదిలితే, వదిలింది మీరా, మీ నీరసమా అన్న అనుమానం చాలాకాలం వెంటాడుతుంది. వైద్యం మొదలుపెట్టి మూడు నెలలు చూడండి. అప్పటికీ ఆ పని మీదికి మనసు పోకపోతే, అప్పుడు వదిలేయడం మీ నిర్ణయం అవుతుంది.

కరపత్రం అచ్చుకు పోయేది ఉగాది ముందని రాశారు. కనుక బాబాయితో మాట మాత్రం ఆలస్యం చేయకండి. ఫోటో వేయవద్దని ఈ వారమే చెప్పండి, కారణాలు తరువాత నెమ్మదిగా చెప్పవచ్చు. అంతకన్నా ముందు, ఈ రాత్రి రెండింటికి చెప్పుల చప్పుడు విన్నప్పుడు మీరూ లేచి నాన్నగారి వెంట బ్యారన్ దగ్గరికి వెళ్లండి. నాలుగేళ్ల పని ఏమైందో ఆయనకు చెప్పండి. కష్టపడి పండించి, ఆరబెట్టి, గ్రేడు చేసి వేలానికి తీసుకుపోయిన బేలు మీద, ఎవరూ పాడలేదంటూ, ‘నో బిడ్’ అని రాసి వెనక్కి పంపితే ఎలా ఉంటుందో, మరుసటి రోజు మళ్లీ ఆ బేలును బండికి ఎలా ఎత్తుతారో ఆ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.